గొర్రెల కాపరి మనవడు, ఖైదీ కొడుకు



1621 మే 8వ తేదీ. ఇంగ్లండ్‌లో, వెస్ట్‌మినిస్టర్‌లో ప్రభువుల సభ జరుగుతోంది. చర్చ ఒక ఖైదీ గురించి. శిక్ష వేసే ముందు అతన్ని మరోసారి పిలిపించి, ఏం చెప్పుకుంటాడో వినాలా, అక్కర్లేదా అన్నదే ప్రశ్న. అరుండెల్ ఎర్ల్ లేచి అక్కర్లేదన్నాడు. అతను అన్న మాటలు మన ముందే ఉన్నాయి, ఇక వినేదేముంది అన్నాడు. లార్డ్ స్పెన్సర్ ఒప్పుకోలేదు. మీ వంశంలోనే ఇద్దరు పెద్దలు తమ మాట వినేవారు లేకుండా శిక్షకు గురయ్యారు కదా అని గుర్తు చేశాడు. అరుండెల్‌కి ఒళ్లు మండింది. మా పెద్దలు కష్టాలు పడిన మాట నిజమే, రాజుకీ దేశానికీ మేలు చేయబోయి పడ్డారేమో, బహుశా ఆ రోజుల్లో ఈ ప్రభువుగారి పెద్దలు గొర్రెలు కాచుకుంటూ ఉండి ఉంటారు అనేశాడు.

దానికి స్పెన్సర్ ఇచ్చాడని చెప్పే జవాబు ఇంగ్లిష్ చరిత్ర పుస్తకాల్లో బాగా పేరుపడింది. మావాళ్లు గొర్రెలు కాస్తున్నప్పుడు మీవాళ్లు రాజద్రోహానికి పథకాలు వేస్తున్నారు అన్నాడట. ఈ జవాబును ఇంత పదునుగా చెప్పింది ఆర్థర్ విల్సన్ రాసిన జేమ్స్ రాజు చరిత్ర. అది అచ్చయింది 1653లో, అంటే ఆ మాటలు పుట్టిన ముప్పై ఏళ్ల తర్వాత. ఆ రోజు సభలో గుమాస్తా హెన్రీ ఎల్సింగ్ రాసుకున్న చర్చల వివరాలు కూడా దొరికాయి. 1870లో అచ్చు వేశారు. సభలో ఎవరు ఏమన్నారో కొంతైనా తెలుసుకోగలుగుతున్నామంటే అలాంటి గుమాస్తాల చేతిరాత పుణ్యమే.

గొర్రెల మాట, ద్రోహం మాట అందరికీ గుర్తుండిపోయాయి. అసలు ఆ గొడవ ఎందుకు మొదలైందో మాత్రం మరుగున పడింది. ఒక మనిషి మాట వినాలా వద్దా అన్న దగ్గర మొదలైంది అది. నేను ఈ పూట చెప్పాలనుకున్నది ఆ మరుగున పడిన సంగతే.

ముందు ఈ ఇద్దరూ ఎవరో చూద్దాం.

థామస్ హోవర్డ్, అరుండెల్ ఎర్ల్, 1585లో పుట్టాడు. ముత్తాత సర్రీ ఎర్ల్ పేరున్న కవి. రాజవంశానికి చెందిన చిహ్నాలను తన డాలు మీద వేసుకున్నాడన్న ఆరోపణ మీద 1547 జనవరిలో తల నరికించారు. అంటే పరువు గుర్తు కోసం ప్రాణమే పోయింది. ఆ సర్రీ తండ్రికైతే విచారణే లేదు. పార్లమెంటు చట్టం చేసి మరణశిక్ష వేసింది. శిక్ష అమలు కాకముందే ఎనిమిదో హెన్రీ కన్నుమూయడంతో బతికిపోయాడు. తాత నార్‌ఫక్ డ్యూక్‌ని 1572లో నరికారు. ఇక తండ్రి ఫిలిప్, కొడుకు పుట్టడానికి కొన్ని నెలల ముందే లండన్ టవర్‌లో ఖైదయ్యాడు. పదేళ్లు అందులోనే ఉండి 1595లో అందులోనే చనిపోయాడు. కన్నకొడుకు ముఖం ఒక్కసారి కూడా చూడలేదు. డ్యూక్ బిరుదు పోయింది, ఆస్తుల్లో చాలా భాగం పోయింది. మిగిలినదల్లా వంశం పేరు. అది తప్ప ఇంకేమీ లేనివాడికి ఆ పేరు మీద ఎంత పట్టుదల ఉంటుందో మనకు తెలియనిది కాదు. తాతలు నేతులు తాగారంటే మూతులు వాసన చూడమనే సామెత మనకుంది. కానీ అరుండెల్ తాతలు తాగింది నెయ్యి కాదు.

రాబర్ట్ స్పెన్సర్ సంగతి వేరు. ఆ కుటుంబం వార్విక్‌షైర్‌లోని వార్మ్‌లైటన్‌ని 1506లో, నార్తాంప్టన్‌షైర్‌లోని ఆల్తార్ప్‌ని 1508లో కొన్నది. ఆ పచ్చిక బయళ్ల మీద గొర్రెల మందలు పెంచి, ఉన్నీ, మాంసం అమ్మి తరతరాలుగా సంపాదించారు. జేమ్స్ రాజు గద్దెనెక్కిన 1603 నాటికి, చేతిలో రొక్కం ఎవరి దగ్గర ఎక్కువుందంటే స్పెన్సర్ పేరే చెప్పుకునేవారు. ఆ ఏడే ఆయన్ని బారన్ చేశారు. కాబట్టి గొర్రెలు కాచుకున్నవాళ్లన్న మాట వట్టి తిట్టు కాదు, నిజమే. అందుకే గుచ్చుకుంది. ఈ ఆల్తార్ప్ స్పెన్సర్ల ఇంటి ఆడపిల్లే, మన కాలంలో యువరాణి అయిన డయానా.

పరువు అనేది ఆ రోజుల్లో కొలతలు తప్పిన సరుకైపోయింది. జేమ్స్ వచ్చిన కొన్ని నెలల్లోనే 900 మందికి పైగా నైట్ బిరుదులు పంచాడు. 1611లో బారొనెట్ అనే కొత్త బిరుదు పెట్టి దానికి 1,095 పౌండ్ల వెల కట్టాడు. ఐర్లండ్, స్కాట్లండ్ బిరుదులు కొనుక్కుని వచ్చి ఇంగ్లండ్ ప్రభువుల కంటే ముందు వరుసలో నిలబడేవాళ్లు తయారయ్యారు. అది తట్టుకోలేక ముప్పై మందికి పైగా ప్రభువులు 1621 మొదట్లోనే కలిసి ఫిర్యాదు పత్రం రాసుకున్నారు. బిరుదులు చౌకైపోతున్నకొద్దీ, ఉన్న పరువును కాపాడుకోవాలన్న ఆత్రం మనుషుల్లో పెరిగిపోయింది.

ఆ ఆత్రం కత్తి దాకా వెళ్లేది. నువ్వు అబద్ధమాడుతున్నావు అన్న ఒక్క మాట చాలు. ఆ మాట పడినవాడు ఊరుకుంటే వాడిక పెద్దమనిషి కాదు. సంబోధన కూడా అంతే. మనకు ‘నువ్వు’, ‘మీరు’ ఉన్నట్టే అప్పటి ఇంగ్లిష్‌లోనూ రెండుండేవి. 1603 నవంబరులో సర్ వాల్టర్ రాలీని రాజద్రోహం కింద విచారిస్తున్నప్పుడు, ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్, నిండు సభలో అంతటివాడిని ఏకవచనంలో పిలిచాడు. పైగా కావాలనే అలా పిలుస్తున్నానని చెప్పి మరీ పిలిచాడు. ఇప్పుడు ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకి ఆ దెబ్బ తగలదు. ఆ తేడా వాళ్ల భాషలోంచి దాదాపు పోయింది. తెలుగువాళ్లం కాబట్టి మనకు మాత్రం వినగానే చురుక్కుమంటుంది.

1613 ఆగస్టులో జరిగిన ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఎడ్వర్డ్ శాక్‌విల్, లార్డ్ బ్రూస్ అనే ఇద్దరు యువకులకు మాట పట్టింపు వచ్చింది. ఇంగ్లండ్‌లో కొట్టుకుంటే చట్టం అడ్డొస్తుందని సముద్రం దాటి, ఇప్పటి నెదర్లండ్స్‌లో ఉన్న బెర్గెన్ ఆప్ జూమ్ దగ్గరికి వెళ్లారు. చీలమండల దాకా నీళ్లు నిలిచిన పచ్చిక మైదానంలో, చొక్కాలతో నిలబడి కత్తులు దూశారు. శాక్‌విల్‌కి వేలు తెగింది. బ్రూస్ ఒళ్లంతా గాయాలతో పడిపోయాడు. అతని వైద్యుడు కోపం పట్టలేక, యజమాని కత్తి తీసుకుని శాక్‌విల్ మీదికి ఉరికితే, చావుకు సిద్ధంగా ఉన్న బ్రూసే గట్టిగా కేకేసి వైద్యుణ్ణి ఆపాడు. ఇది బతికినవాడు ఆ తర్వాత రాసిన ఉత్తరంలో చెప్పిన సంగతి. తనను చంపినవాణ్ణి కాపాడడం కూడా ఆ పరువులో భాగమే. చదివిన ప్రతిసారీ నాకు ఆ కుర్రవాడి మీద గౌరవం, అతన్ని అక్కడిదాకా నడిపించిన పద్ధతి మీద కడుపుమంట రెండూ కలుగుతాయి. బ్రూస్ గుండెను వెండి పెట్టెలో పెట్టి స్కాట్లండ్‌లోని కల్‌రాస్‌కి పంపారు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత, 1808లో, ఆ పెట్టె బయటపడింది.

బ్రూస్ చావు రాజును కుదిపింది. ద్వంద్వయుద్ధాల కథలు రాసి పంచకూడదని, సవాళ్లు విసరకూడదని వరసగా రాజాజ్ఞలు వచ్చాయి. 1614 జనవరిలో, అప్పటికి కొత్తగా అటార్నీ జనరల్ అయిన ఫ్రాన్సిస్ బేకన్, స్టార్ ఛాంబర్ న్యాయస్థానంలో ప్రీస్ట్, రైట్ అనే ఇద్దరు మామూలు మనుషుల మీద కేసు నడిపాడు. ఒకడు సవాలు చీటీ రాశాడు, ఇంకొకడు దాన్ని మోసుకెళ్లాడు. పోరాటం జరగనే లేదు. అయినా శిక్ష పడింది. ఈ జబ్బు మంగలి వైద్యుల దాకా, కసాయిల దాకా పాకిందంటే, పుట్టుక గలవాళ్లు ఇకనైనా సిగ్గుపడి మానుకుంటారని బేకన్ వాదించాడు. ఆ వాదనలో కులీనుడి అహం ఉంది, అది నాకు నచ్చదు. కానీ ఆయన పట్టుకున్న అసలు సమస్య సరైనది. ఒకడు నిన్ను అబద్ధాలకోరు అంటే ఇంగ్లండ్ చట్టం దాన్ని గాయంగా లెక్కపెట్టదు. చట్టం లెక్కపెట్టని గాయానికి మనిషి కత్తితో లెక్క తేల్చుకుంటాడు. మరి ఆ గాయాన్ని వినేదెవరు?

ఇప్పుడు 1621 మేలోకి తిరిగి వద్దాం. ఆ పార్లమెంటులో శాక్‌విల్ ససెక్స్ తరఫున కామన్స్ సభలో కూర్చుని ఉన్నాడు. బేకన్ ఈ మధ్యకాలంలో లార్డ్ ఛాన్సలర్ దాకా ఎదిగాడు. లంచాలు తీసుకున్నాడని అదే ప్రభువుల సభ మే 3న ఆయనకు శిక్ష వేసింది. ఆయన పతనమైన వారం తిరక్కముందే గొర్రెల మాట పుట్టింది.

అసలు ఆ ఖైదీ సర్ హెన్రీ యెల్వర్టన్. ఒకప్పటి అటార్నీ జనరల్. ఏప్రిల్ 30న సభ ముందు మాట్లాడుతూ, రాజుకు ప్రాణప్రదమైన బకింగ్‌హామ్‌ని, మూడు వందల ఏళ్ల కిందట రెండో ఎడ్వర్డ్‌కి ఇష్టుడైన హ్యూ డిస్పెన్సర్‌తో పోల్చాడు. ఆ ఎడ్వర్డ్ గద్దె దిగి, చెరలో చనిపోయిన రాజు. ఇష్టుడు డిస్పెన్సర్ అయితే రాజెవరు? జేమ్స్‌కి ఆ లెక్క వెంటనే అర్థమైంది. ఆల్తార్ప్ స్పెన్సర్లు తమ వంశం ఆ పాత డిస్పెన్సర్ల నుంచే వచ్చిందని చెప్పుకునేవారు. యెల్వర్టన్ నోట్లో ఆ పేరు రావడం కాకతాళీయమే కావచ్చు, కానీ ఆ నెల సభలో ఎవరు ఏ పేరెత్తినా ఎవరో ఒకరి తాత లేచి కూర్చునేవాడు.

స్పెన్సర్ అడిగింది చాలా చిన్న కోరిక. మాట పలికినవాడు దాని అర్థం ఏమిటో చెప్పుకోనివ్వండి అన్నాడు. ఈ కోరికకు బలం కోసం ఆయన ఎదుటివాడి ఇంట్లోని చావులనే ఉదాహరణ తెచ్చాడు. అది తప్పా? నాకు తప్పనిపించదు, కానీ క్రూరంగా ఉందని మాత్రం ఒప్పుకుంటాను. తండ్రి ముఖం చూడని మనిషి ముందు, నీ వంశంలో విచారణ లేని శిక్షలు జరిగాయి కదా అంటే, వాదం అతని చెవికి ఎక్కదు. గాయమే తగులుతుంది. ఆ గాయంలో అరుండెల్, తనవైపు నిలబడాల్సిన న్యాయాన్నే కాలితో తన్నేశాడు. విచారణ లేకుండా పోయిన పెద్దల వారసుడు, మరొకడికి విచారణ వద్దన్నాడు.

సభ అరుండెల్‌ని స్పెన్సర్‌కి తగిన విధంగా క్షమాపణ చెప్పమంది. ఆయన మొండికేశాడు. మే 17న సభ ఆయన్ని లండన్ టవర్‌కి పంపింది. తండ్రి పదేళ్లు ఉండి చనిపోయిన ఆ గోడల మధ్యకే. ఎక్కువ రోజులు ఉండలేదు, రాజు జోక్యంతో బయటికి వచ్చాడు. యెల్వర్టన్‌కి మాత్రం సరిగ్గా ఆ రోజుల్లోనే రాజుకి 10,000 మార్కులు, బకింగ్‌హామ్‌కి 5,000 మార్కుల జరిమానా పడింది. మార్కంటే పౌండులో మూడింట రెండు వంతులు. బకింగ్‌హామ్ తన వంతు వదులుకున్నాడు.

అదే మే నెలలో కామన్స్ సభవాళ్లూ ఇలాంటి తలనొప్పే పడ్డారు. రాలీని ఏకవచనంలో పిలిచిన ఎడ్వర్డ్ కోక్ ఇప్పుడు ఆ సభలో పెద్ద దిక్కు. ఆయన కొడుకు క్లెమెంట్, తనను ఎగతాళి చేశాడనుకుని, సర్ ఛార్లెస్ మారిసన్ అనే తోటి సభ్యుణ్ణి సభ మెట్ల మీదే కొట్టాడు. కామన్స్ అతన్ని టవర్‌కి పంపింది. తండ్రి పలుకుబడి చూసి వదల్లేదు. కొట్టినవాడికీ దెబ్బ తిన్నవాడికీ మధ్య ఇక కత్తులు లేస్తాయేమోనని భయపడి, ఆ తగువును సభే తన నెత్తిన వేసుకుంది.

ఇలా సభ తగువు నెత్తిన వేసుకున్న ప్రతిసారీ న్యాయమే జరిగిందని మాత్రం అనలేను. ఎడ్వర్డ్ ఫ్లాయిడ్ అనే క్యాథలిక్ న్యాయవాది జైల్లో కూర్చుని, రాజు కూతురు ఎలిజబెత్‌నీ అల్లుణ్ణీ ఎగతాళిగా ఊళ్లో మామూలు సంసారుల్ని పిలిచినట్టు పిలిచాడు. దానికి కామన్స్ 1,000 పౌండ్ల జరిమానా వేసింది. ఆ అధికారం మాదంటూ ప్రభువులు దాన్ని 5,000 చేశారు, ముఖాన వాత, జీవితకాలపు ఖైదు కూడా కలిపారు. తమ పరువు కాపాడుకోబోయి సభలు ఎంత కఠినంగా మారగలవో ఫ్లాయిడ్ ఒంటి మీద చూడొచ్చు.

ఆ ఏడు ఆగస్టులోనే రాజు అరుండెల్‌ని ఎర్ల్ మార్షల్‌ని చేశాడు. వంశ చిహ్నాలకూ పరువు తగవులకూ పెద్ద న్యాయమూర్తి అన్నమాట. పరువు కోసం టవర్‌కి వెళ్లొచ్చినవాడి చేతికే పరువు తీర్పులు వచ్చాయి. కత్తి దూయకుండా తగవు తీర్చే న్యాయస్థానం కావాలని ద్వంద్వయుద్ధాల మీద మండిపడ్డ పెద్దలు అడిగినదే అది. ఆలోచన మంచిదే. కానీ అది ఎవరి మాట వింటుంది? 1640లో ఎడ్వర్డ్ హైడ్ పార్లమెంటులో లేచి ఈ కోర్టు కథలు చెప్పాడు. ఒక నగరవాసికి పడవవాడితో గొడవ వచ్చింది. పడవవాడి చొక్కా మీద ఒక ప్రభువు గుర్తుగా హంస ఉంది. నీ బాతునేసుకుని అవతలికి పో అన్నాడతను. ప్రభువుగారి హంసను బాతన్నందుకు కోర్టుకి ఈడ్చి నాశనం చేశారు. ఒక దర్జీ తన బాకీ అడిగితే పెద్దమనిషి నెట్టేశాడు. నేనూ నీలాంటి మనిషినే అన్నాడు దర్జీ. ఆ మాటకు అవమానం కేసు పడి, చివరికి బాకీ వదులుకుంటే గాని బయటపడలేదు. స్పెన్సర్‌కి దొరికిన పరిహారం దర్జీకి దొరకలేదు. ప్రభువుకు తగిలితే గాయం, దర్జీకి తగిలితే ఏమీ కాదు.

1626కి వద్దాం. అప్పటికి జేమ్స్ కొడుకు ఛార్లెస్ రాజు. మార్చిలో అరుండెల్ మళ్లీ టవర్‌లో పడ్డాడు. రాజు వేరే సంబంధం చూసిన ఎలిజబెత్ స్టువర్ట్ అనే యువతిని అరుండెల్ కొడుకు రహస్యంగా పెళ్లాడాడన్నది బయటికి చెప్పిన కారణం. బకింగ్‌హామ్ మీద అభిశంసన నడుస్తున్న వేళ ఆయన శత్రువొకడు సభలో లేకుండా చూడడం లోపలి కారణం. ఈ నెలల్లోనే బేకన్ దారిలో జబ్బుపడి హైగేట్‌లోని అరుండెల్ ఇంట్లో పడుకున్నాడు. ఇంటాయన లేడు, టవర్‌లో ఉన్నాడు. చెప్పకుండా మీ ఇంట్లో దిగానని మన్నించమంటూ బేకన్ ఆయనకు రాయించిన ఉత్తరమే బేకన్ ఆఖరి ఉత్తరం. ఏప్రిల్ 9న ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. మాటతో తగిలిన గాయాన్ని చట్టం వినాలని వాదించినవాడు, మాట జారి టవర్ చూసినవాడి ఇంట్లో, మన్నించమనే చివరి మాట చెప్పి వెళ్లిపోయాడు.

ఐదేళ్ల కిందట అరుండెల్‌ని తానే టవర్‌కి పంపిన ప్రభువుల సభ, ఇప్పుడు ఆయన్ని వదలమని రాజు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లింది. సభ నడుస్తుండగా, ద్రోహం, ఘోరనేరం లాంటివి ఉంటే తప్ప, సభ ఆజ్ఞ లేకుండా సభ్యుణ్ణి ఖైదు చేయడానికి వీల్లేదని తీర్మానించింది. మిగతా పనులు పక్కన పెట్టేసింది. జూన్‌లో అరుండెల్ తిరిగొచ్చి తన చోట కూర్చున్నాడు. సభ్యుల హక్కులని మనం వార్తల్లో వింటుంటామే, వాటి వేళ్లు ఇలాంటి గొడవల్లోనే ఉన్నాయి. మన రాజ్యాంగం 1950లో అమల్లోకి వచ్చినప్పుడు 105, 194 అధికరణాల్లో, సభలు సొంతంగా చట్టం చేసుకునేదాకా బ్రిటిష్ కామన్స్ సభకున్న హక్కులే మనకూ వర్తిస్తాయని రాసుకున్నాం.

అదే జూన్‌లో ప్రభువుల సభ మరో నియమం కూడా రాసుకుంది. చర్చల్లో వ్యక్తిగతమైన, కరుకైన మాటలు వదులుకోవాలి అన్నది. అక్కడితో ఆగి ఉంటే అది ఉత్త మందలింపే అయ్యేది. ఇంకా రాసుకున్నారు. పలికినవాడు అక్కడికక్కడే ఆ మాటకు సవ్యమైన అర్థం చెప్పినా, నేను ఆ అర్థంతో అనలేదని కాదన్నా, వినేవాడు దాన్ని తప్పుగా తీసుకోకూడదు. అలా చెప్పకపోతే, నొచ్చుకున్నవాడికి పూర్తి సంతృప్తి ఇప్పించే పని సభదే. సంతృప్తి అన్నది ద్వంద్వయుద్ధానికి పిలిచేవాళ్ల మాట. బ్రూస్ ఆ నీళ్లు నిలిచిన మైదానానికి వెళ్లింది దానికోసమే. ఇప్పుడు ఆ మాట సభ గుమాస్తా పుస్తకంలోకి ఎక్కింది. దానికి ముందే, యెల్వర్టన్ కోసం స్పెన్సర్ అడిగినది కూడా ఎక్కింది: మాట పలికినవాడికి, తాను ఏ అర్థంతో అన్నాడో చెప్పుకునే వీలు.

స్పెన్సర్ మరుసటి ఏడు, 1627లో, పోయాడు. ఆ నియమం మాత్రం శతాబ్దాల పాటు ఆ సభ నిలిచి ఉండే నియమాల్లో ఉండిపోయింది. మాటలు కారంగా మారినప్పుడు గుమాస్తా దాన్ని తీసి, బిగ్గరగా చదివి వినిపించేవాడు.